చిక్కదనం వేరు, జారుడుగుణం వేరు

హిందీలో 'చిక్‌నా' అనే మాట ఒకటి ఉన్నది. నున్ననిది, జిడ్డుగా ఉండి జారేది అని దాని అర్థం. తెలుగులో 'చిక్కన' అనే మాట ఉన్నది. పలుచన కానిది అని దాని అర్థం. చెవికి ఈ రెండూ అక్కాచెల్లెళ్లవలె వినిపిస్తాయి. అర్థంలో మాత్రం వాటికి చుట్టరికం లేదు. ఈ తేడాను గమనించకపోతే ఎంత నష్టం జరుగగలదో భిలాయి ఉక్కు నగరంలోని స్మృతి నగర్‌లో నాకు బోధపడింది.

యంత్రాలకు పోసే నూనెలను గురించిన ఒక హిందీ కరపత్రాన్ని తెలుగు చేసే పని నాకు వచ్చింది. మిక్కిలి నెమ్మదిగా తిరిగే హైడ్రాలిక్ మోటారుకు 'చిక్‌నాయీ' అధికంగా గల నూనె మేలు అని అందులో ఉన్నది. నేను తొందరలో 'చిక్కదనం అధికంగా గల నూనె' అని రాశాను. ఆ ప్రతిని మా పొరుగున ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన శ్రీకాకుళం జిల్లా నుండి యౌవనంలో ఇక్కడికి వచ్చి, యంత్రాల మరమ్మతు పనిలోనే వయసు గడిపినవారు. ఆయన ఎర్రసిరా కలం తీసుకొని ఆ మాట చుట్టూ సున్న చుట్టారు. "బాబూ, ఇది చదివి ఎవరైనా డబ్బా మార్చి పోస్తే మోటారు పాడవుతుంది. నూనె చిక్కగా ఉండటం వేరు, జారించటం వేరు" అన్నారు.

నాకు అది మొదట మాటల తేడాగానే తోచింది. ఆయన వివరించిన మీదట, తరువాత పుస్తకాలు తిరగవేసిన మీదట, అది యంత్రశాస్త్రంలోనే ఒక ముఖ్యమైన తేడా అని తెలిసింది. ఆ తేడాను విద్యార్థులకు విశదపరచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పలు భాషల ఉక్కు నగరం

భిలాయి కర్మాగార నిర్మాణానికి నాటి సోవియట్ యూనియన్‌తో మన ప్రభుత్వం 1955లో ఒడంబడిక చేసుకున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పుడు ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో భాగమైనది. దల్లీ రాజహరా గనుల ఇనుప ఖనిజం ఇక్కడ కరిగి రైలు పట్టాలుగా మారి దేశం నలుమూలలా పరుచుకున్నది.

ఖనిజం కోసం గనులు ఉన్నట్లే, పని కోసం మనుషులు దేశం నలుమూలల నుండి వచ్చారు. రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931 నాటికే పూర్తయి ఉండటం వల్ల ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఈ ప్రాంతం దూరమనిపించలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు అనేకం ఇక్కడ స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, పనిలో హిందీ, యంత్రం మీది ఫలకంపై రష్యన్ అక్షరాలు: తొలితరం కార్మికుని దినచర్యలో ఇన్ని భాషలు ఉండేవి. అటువంటి చోట ఒక మాట మరొక మాటగా వినిపించడం ప్రమాదానికే దారితీయవచ్చు. కనుక మాట వెనుక ఉన్న వస్తువును తెలుసుకోవడం అవసరమైనది. ఇక ఆ వస్తువు వద్దకే వెళదాం.

ద్రవం తిప్పే మోటారు

విద్యుత్తుతో తిరిగే మోటారును మనం నిత్యం చూస్తూనే ఉన్నాము. హైడ్రాలిక్ మోటారును తిప్పేది విద్యుత్తు కాదు, ఒత్తిడికి లోనైన ద్రవం. ఒకచోట పంపు నూనెను అధిక పీడనంతో గొట్టంలోకి నెడుతుంది. ఆ నూనె మోటారులోని పిస్టన్లను గాని, పళ్లచక్రాలను గాని, రెక్కలను గాని తోస్తుంది. ఆ తోపు షాఫ్టును తిప్పుతుంది. పని ముగిసిన నూనె తిరిగి తొట్టిలోకి చేరుతుంది. పంపు చేసే పనికి ఇది తలకిందులు అన్నమాట.

మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకు సమానంగా వ్యాపిస్తుందని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త పాస్కల్ తెలిపాడు. ఆయన గ్రంథం ఆయన మరణానంతరం 1663లో వెలువడింది. ఆ సూత్రాన్ని ఆధారం చేసుకొని ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో నీటి పీడనంతో పనిచేసే ఒత్తుడు యంత్రానికి పేటెంటు పొందాడు. నీరు చౌక, అంటుకోదు. అయితే ఇనుమును తుప్పు పట్టిస్తుంది. రాపిడిని తగ్గించడంలో మిక్కిలి పేలవం. ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి నీటి స్థానాన్ని నూనె ఆక్రమించడానికి కారణం ఇదే. హైడ్రాలిక్ యంత్రంలో నూనె ఏకకాలంలో రెండు కొలువులు చేస్తుంది. బలాన్ని మోసుకుపోవడం మొదటిది. తాను మోసుకుపోయే బలం వల్లనే ఒకదానికొకటి ఒరుసుకునే లోహభాగాల నడుమ కందెనగా నిలవడం రెండవది.

ఆ రెండవ కొలువు ఎంత విలువైనదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక చుట్టుకు 100 ఘనసెంటీమీటర్ల నూనె తీసుకునే మోటారు 200 బార్ పీడనంతో పనిచేస్తున్నదని అనుకుందాం. ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత. ఘర్షణ అనేది లేకుంటే ఆ మోటారు తిప్పుడు బలం 318 న్యూటన్-మీటర్లు. నడుస్తుండగా అందులో పదోవంతు ఘర్షణకు పోతే 286 మిగులుతుంది. కదలిక మొదలయ్యే క్షణంలో నాలుగోవంతు పోయిందనుకుంటే 239 మాత్రమే మిగులుతుంది. మోయవలసిన బరువుకు 286 కావాలంటే మోటారు నడుస్తుండగా మోయగలదు గాని, కదలడం మొదలుపెట్టలేదు! దానిని కదిలించడానికి పీడనాన్ని 240 బార్లకు పెంచాలి, లేదా మరింత పెద్ద మోటారు బిగించాలి. పెద్ద మోటారుకు పెద్ద పంపు, పెద్ద పంపుకు ఎక్కువ విద్యుత్తు. ఆరంభంలోని కొద్ది ఘర్షణ ఖర్చును ఇంత దూరం లాగుతుంది.

ఒడ్డున ఆగిన పడవ

ఈ ఆరంభ ఘర్షణ ఎందుకంత ఎక్కువ? ఏటి ఒడ్డున ఇసుకలో కూరుకొని ఉన్న పడవను తలచుకుందాం. దానిని కదిలించడానికి నలుగురు భుజాలు ఆనించాలి. నీటిలోకి కొంత జరిగిన తరువాత అడుగుభాగం అక్కడక్కడ మాత్రమే ఇసుకను తాకుతుంది, ఇద్దరు చాలు. లోతు నీటిలో తేలిన తరువాత ఒక్కని చేతి తోపు సరిపోతుంది.

ఒరుసుకునే రెండు లోహభాగాల స్థితి కూడా ఇట్టిదే. కంటికి నున్నగా కనిపించే ఉక్కు తలంపై సూక్ష్మమైన గుట్టలు, పల్లాలు ఉంటాయి. మోటారు ఆగి ఉన్నప్పుడు పై తలపు గుట్టలు కింది తలపు గుట్టలపై ఆని ఉంటాయి. నడుమ మిగిలేది కొన్ని అణువుల మందం గల జిడ్డు మాత్రమే. దీనిని సరిహద్దు స్థితి అంటారు. ఈ స్థితిలో ఘర్షణ గుణకం సుమారు 0.1. వేగం పెరిగిన కొద్దీ కదిలే తలం తనతో పాటు నూనెను సన్నని సందులోకి లాక్కుపోతుంది. ఆ నూనె ఆప్పువలె పనిచేసి తలాలను ఎడం చేయసాగుతుంది. ఇది మిశ్రమ స్థితి. చివరకు తలాలు పూర్తిగా విడిపోయి నూనె పొర మీద తేలుతాయి. ఇది సంపూర్ణ పొర స్థితి. ఇందులో ఘర్షణ గుణకం 0.01కి లోపుగా పడిపోతుంది.

నూనె పొర తనంతట తానే పీడనాన్ని పుట్టించుకోగలదని 1880 దశకంలో ఇంగ్లండులో బోచాంప్ టవర్ రైలు ఇరుసు బేరింగులపై జరిపిన ప్రయోగాలు చూపాయి. దానికి గణిత సిద్ధాంతాన్ని ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1886లో అందించాడు. వేగంతో ఘర్షణ మొదట తగ్గి, పిదప మెల్లగా పెరుగుతుందని జర్మనీలో రిచర్డ్ స్ట్రీబెక్ 1902లో ప్రకటించిన కొలతలు స్పష్టం చేశాయి. ఆ వక్రరేఖకు ఆయన పేరే నిలిచింది.

పడవ ఉదాహరణలో నీటి లోతు ఏది చేసిందో, యంత్రంలో ఆ పనిని నూనె చిక్కదనం, వేగం కలిసి చేస్తాయి. ఈ రెంటిని గుణిస్తే వచ్చే ఫలితం ఎక్కువైతే పొర మందమవుతుంది. ఇక్కడే అసలు కీలకం ఉన్నది. మోటారు ఆగి ఉన్నప్పుడు వేగం సున్న. సున్నను ఎంత పెద్ద సంఖ్యతో గుణించినా సున్నయే. కాబట్టి ఎంత చిక్కని నూనె పోసినా అది ఆరంభ క్షణంలో తలాలను ఎడం చేయలేదు. పంపు నుండి వచ్చే పీడనంతోనే కొంత పొరను నిలిపే ఏర్పాటు కొన్ని మోటారులలో ఉన్నది. అయినా ఆరంభంలోను, మిక్కిలి నెమ్మది వేగంలోను మోటారును ఆదుకునేది ప్రధానంగా లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే ఆ పలుచని జిడ్డే. పెద్దాయన ఎర్రసిరాతో సున్న చుట్టినది నా పొరపాటుకే కాదు, ఈ సూత్రానికి కూడా గుర్తు అనిపించింది.

చిక్కదనం లెక్క

అట్లని చిక్కదనాన్ని తీసివేయడానికి వీలు లేదు. దానిని శాస్త్ర పుస్తకాలు స్నిగ్ధత అంటాయి. ద్రవపు పొరలు ఒకదానిపై ఒకటి జరిగేటప్పుడు కలిగే ప్రతిరోధమే స్నిగ్ధత. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం పరిశ్రమల నూనెలను 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద వాటి స్నిగ్ధతను బట్టి తరగతులుగా విభజించారు. హైడ్రాలిక్ యంత్రాలలో ఎక్కువగా వాడేవి 32, 46, 68 తరగతులు. ఈ అంకెలు సెంటీస్టోక్ అనే కొలతలో స్నిగ్ధతను తెలుపుతాయి.

నూనె మరీ పలుచనైతే రెండు నష్టాలు. పిస్టనుకు, సిలిండరుకు నడుమ ఉండే సందు వెంట్రుక మందం కన్నా ఎంతో సన్నం. అయినా పలుచని నూనె అందులోనుండి కారిపోతుంది. మోటారును తిప్పవలసిన నూనె తిప్పకుండానే తొట్టికి చేరుతుంది. నడక వేగంలోనూ పొర నిలవక లోహం లోహాన్ని తాకుతుంది. నూనె మరీ చిక్కనైతే పొర నిలుస్తుంది, కారడం తగ్గుతుంది. కాని ఆ పొరను ఈడ్చుకుపోవడానికే శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి వేడిగా మారుతుంది. పంపుకు నూనె సరిగా అందక ఖాళీలు ఏర్పడి లోహం గుంటలు పడే ప్రమాదం కూడా ఉన్నది. పాయసంలో గరిటె తిప్పడానికి, మజ్జిగలో గరిటె తిప్పడానికి గల తేడా గృహిణులకు చెప్పనక్కరలేదు.

పైగా స్నిగ్ధత స్థిరంగా ఉండదు. 46 తరగతి సాధారణ ఖనిజ తైలం 100 డిగ్రీల వద్ద సుమారు 7 సెంటీస్టోక్‌లకు పడిపోతుంది. అదే 0 డిగ్రీల వద్ద దాదాపు పది రెట్లు పెరుగుతుంది. వేడికి ఎంత తక్కువగా మారితే ఆ నూనె స్నిగ్ధతా సూచిక అంత ఎక్కువ. భిలాయి వంటి చోట వేసవి పగళ్లు 45 డిగ్రీలను తాకుతాయి. శీతకాలపు రాత్రులు చలిగా ఉంటాయి. కొలిమి పక్కన ఉన్న యంత్రానికి ఈ రెంటికీ తోడు కొలిమి వేడి. అటువంటి చోట మధ్యాహ్నం సరిపోయిన నూనె తెల్లవారుజామున మొరాయించవచ్చు. కనుక చిక్కదనాన్ని చూడవలసినది డబ్బా మీది అంకెను బట్టి మాత్రమే కాదు, యంత్రం నిజంగా నడిచే వేడిని బట్టి.

అణువులు నాటిన మడి

ఇక జారుడుగుణం. ఇది స్నిగ్ధతకు లొంగని గుణం. ఒకే స్నిగ్ధత గల రెండు నూనెలు సరిహద్దు స్థితిలో భిన్నమైన ఘర్షణను చూపగలవు. కారణం వాటి అణువులలో ఉన్నది.

పెట్రోలియం నుండి వచ్చే ఖనిజ తైలం ముఖ్యంగా కర్బనం, ఉదజని గొలుసులతో, వలయాలతో ఏర్పడినది. ఆ అణువులకు లోహం మీద ప్రత్యేకమైన మక్కువ లేదు. బరువు పడితే పక్కకు తప్పుకుంటాయి. ఆముదం, కొబ్బరినూనె వంటి వాటిలోని కొవ్వు ఆమ్లాల సంగతి వేరు. వాటి గొలుసుకు ఒక చివర ప్రాణవాయువు గల తల ఉంటుంది. ఆ తల లోహాన్ని పట్టుకుంటుంది. తోక పైకి నిలుస్తుంది. మడిలో పక్కపక్కనే నాటిన వరినారువలె ఈ అణువులు లోహతలంపై వరుసగా నిలిస్తే, ఎదుటి తలం ఆ తోకల కొసల మీద జారుతుంది. ఈ స్థితికి సరిహద్దు కందెన అని పేరుపెట్టి పరిశోధించినవారిలో ప్రముఖుడు ఇంగ్లండుకు చెందిన విలియం బేట్ హార్డీ. ఆయన పరిశోధనలు 1920 దశకంలో వెలువడ్డాయి.

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంతో చేసిన కందెన పెట్టిన మన రైతులకు ఈ సిద్ధాంతం తెలియదు. ఫలితం మాత్రం తెలుసు. బండి చక్రం వేగం తక్కువ, బరువు ఎక్కువ. సరిహద్దు స్థితికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు. తెలంగాణలోని మెట్ట పొలాలలో పండే ఆముదపు గింజల నూనెకు మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాల ఇంజన్లలోనూ చోటు దక్కింది. మోటారు కారుల తొలి హైడ్రాలిక్ బ్రేకులలో కూడా ఆముదం కలిసిన ద్రవాన్నే వాడేవారు. సహజ రబ్బరు బిళ్లలను ఖనిజ తైలం ఉబ్బింపజేసి చెడగొడుతుంది, ఆముదం అట్లు చేయదు.

అయితే ఆముదాన్నే అన్ని మోటారులలోనూ పోయరాదా అని విద్యార్థులు అడగవచ్చు. సాధారణ వేడిమి వద్ద అది హైడ్రాలిక్ నూనెల కన్నా ఎన్నో రెట్లు చిక్కన. వేడికి దాని చిక్కదనం బాగా మారుతుంది. పైగా వృక్ష తైలాలు వేడిలో, గాలి తగిలే చోట దీర్ఘకాలం ఉంటే ప్రాణవాయువుతో కలిసి బంకగా మారతాయి. ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్ది రూపొందించినవే కృత్రిమ ఎస్టర్ ద్రవాలు. ఆల్కహాలు, కొవ్వు ఆమ్లం కలిసి ఎస్టర్ ఏర్పడుతుంది. వాటి అణువులలోనూ లోహాన్ని పట్టుకునే భాగం ఉండటం వల్ల సరిహద్దు ఘర్షణ తక్కువగా ఉంటుంది. వాటి స్నిగ్ధతా సూచిక కూడా సామాన్యంగా ఎక్కువ.

మరొక మార్గం ఖనిజ తైలానికే కొద్ది పాళ్లలో ఔషధాలవంటి రసాయనాలను చేర్చడం. ఇక్కడ మళ్లీ ఒక సూక్ష్మమైన తేడా ఉన్నది. జింకు, గంధకం, భాస్వరం గల ఒక సంకలన పదార్థం హైడ్రాలిక్ నూనెలలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నది. అది లోహంపై ఒక గట్టి పెచ్చు కట్టి అరుగుదలను ఆపుతుంది. అరుగుదలను ఆపినంత మాత్రాన ఘర్షణ కూడా తగ్గిందని అనుకోరాదు. ఆ పెచ్చు కొన్ని స్థితులలో ఘర్షణను కొంత పెంచుతుందని కూడా పరిశోధనలు చూపాయి. ఘర్షణను తగ్గించడానికి వేరే సంకలనాలు ఉన్నాయి. అవి చాలావరకు పైన చెప్పిన వరినారు కుటుంబానికి చెందినవే. రెండు రకాలు కూడా లోహం మీది చోటు కోసమే పోటీ పడతాయి. వాటి పాళ్లు కుదర్చడం ఆషామాషీ పని కాదు.

జారుడుగుణం తక్కువైతే మరొక చిక్కు. నిలిచి ఉన్నప్పటి ఘర్షణకు, కదిలేటప్పటి ఘర్షణకు భేదం ఎక్కువగా ఉంటే నెమ్మదిగా తిరిగే మోటారు ఆగి, ఉలికిపడి కదిలి, మళ్లీ ఆగుతుంది. కొత్తగా సైకిలు నేర్చుకునేవాని నడకవలె కుదుపులు వస్తాయి. మట్టి తవ్వే యంత్రంలో ఇది చికాకు మాత్రమే. కరిగిన లోహంతో నిండిన పాత్రను మోసే చోట, ఎత్తు మీద మనిషి నిలిచిన చోట, ఒక్క కుదుపు ప్రాణాల మీదికి తేగలదు.

నిప్పు పక్కన నూనె

ఘర్షణ తక్కువగా ఉండటమే ఏకైక గుణమైతే నూనె ఎంపిక సులభమయ్యేది. ఉక్కు కర్మాగారంలో అంతకన్నా పెద్ద ప్రశ్న నిప్పు. 200 బార్ల పీడనం గల గొట్టానికి సూదిమొనంత రంధ్రం పడితే నూనె పొగమంచులా చిమ్ముతుంది. దగ్గరలో ఎర్రగా కాలిన ఇనుము ఉంటే ఆ పొగమంచు మంటల జ్వాలగా మారుతుంది.

ఈ పాఠాన్ని ప్రపంచం మిక్కిలి ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకున్నది. 1956 ఆగస్టు 8న బెల్జియం దేశంలోని మార్సినెల్ బొగ్గుగనిలో, పంజరంలోకి సరిగా ఎక్కని ఒక తొట్టిబండి పంజరం కదిలినప్పుడు తగులుకొని, విద్యుత్తు తీగలను, నూనె గొట్టాన్ని, గాలి గొట్టాన్ని తెంచివేసింది. చిమ్మిన నూనె అంటుకున్నది. ఆ అగ్నిలో, పొగలో 262 మంది కార్మికులు మరణించారు. వారు 12 దేశాలకు చెందినవారు. 136 మంది ఇటలీ నుండి పొట్టచేతపట్టుకొని వచ్చినవారు. బతుకుతెరువు కోసం ఊరు విడిచి, పరభాషల మధ్య పనిచేసిన కూలీల కథ భిలాయి వంటి నగరాల వారికి అపరిచితం కాదు. ఆ దుర్ఘటన తరువాత ఐరోపాలో సులభంగా అంటుకోని హైడ్రాలిక్ ద్రవాలకు నిబంధనలు ఏర్పడ్డాయి.

నేడు అంతర్జాతీయ ప్రమాణాలు అటువంటి ద్రవాలను నాలుగు పెద్ద తరగతులుగా విభజిస్తాయి. మొదటిది హెచ్.ఎఫ్.ఎ.; ఇందులో 80 శాతానికి మించి నీరే. రెండవది హెచ్.ఎఫ్.బి.; నూనెలో సుమారు 40 శాతం నీటి బిందువులు. మూడవది హెచ్.ఎఫ్.సి.; నీరు, గ్లైకాల్ కలిసిన ద్రవం. నాలుగవది హెచ్.ఎఫ్.డి.; నీరు లేని కృత్రిమ ద్రవాలు, ముఖ్యంగా ఫాస్ఫేట్ ఎస్టర్లు, పాలియోల్ ఎస్టర్లు.

ఘర్షణ దృష్టితో చూస్తే ఈ నాలుగింటి నడతలు వేరు. 40 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత 0.7 సెంటీస్టోక్‌లకు లోపే. అంటే 46 తరగతి నూనెలో దాదాపు డెబ్బయ్యోవంతు. కనుక మొదటి తరగతి ద్రవం పొర నిలపలేదు. దాని కోసం ప్రత్యేకంగా కట్టిన యంత్రాలు కావాలి. నీటి గ్లైకాల్‌కు స్నిగ్ధత చాలినంత ఉన్నా, అధిక భారం పడినప్పుడు ఖనిజ తైలంవలె మరింత చిక్కబడదు. బేరింగుల గుండ్ల కింద దాని పొర పలుచగా ఉంటుంది. అందుచేత ఆ ద్రవం వాడేటప్పుడు మోటారును తక్కువ పీడనంతో నడపవలసి వస్తుంది. బేరింగుల ఆయుష్షు తగ్గుతుంది. ఫాస్ఫేట్ ఎస్టర్ నిప్పును బాగా తట్టుకుంటుంది, కాని సాధారణ రంగులను, రబ్బరు బిళ్లలను తినివేస్తుంది. పాలియోల్ ఎస్టర్ జారుడుగుణంలో మేటి, నిప్పును ఖనిజ తైలం కన్నా మెరుగుగా తట్టుకుంటుంది, కాని ఖరీదైనది. నీరు చేరితే విడిపోతుంది. నిప్పును తట్టుకోవడమంటే అసలే కాలకపోవడమని అర్థం కాదు. సులభంగా అంటుకోదు, అంటుకున్నా మంట వ్యాపించదు అని మాత్రమే.

నేలకు, నీటికి కూడా లెక్క చెప్పాలి. కారిన నూనె ఏదో ఒక కాలువను చేరుతుంది. దుర్గ్ పక్కన పారే శివనాథ్ వంటి నదులు పొలాలకు, మనుషులకు దప్పిక తీర్చేవి. వృక్ష తైలాలు, కొన్ని ఎస్టర్లు మట్టిలో త్వరగా విచ్ఛిన్నమవుతాయి. ఖనిజ తైలం చాలాకాలం ఉండిపోతుంది. ఘర్షణ, నిప్పు, నేల, ధర: ఈ నాలుగు ప్రశ్నలకు ఏకకాలంలో పూర్ణంగా జవాబు చెప్పే ద్రవం లేదు. ఏ చోట ఏ ప్రశ్న పెద్దదో తేల్చుకోవడమే ఇంజనీరు విజ్ఞత.

విద్యార్థులకు ఒక ప్రయోగం

చిక్కదనం, జారుడుగుణం వేరని పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చు. ఒకే ఎత్తు గల గాజు గొట్టాలలో నీరు, కుట్టుమిషను నూనె, ఆముదం, తేనె పోయండి. ఒకే పరిమాణం గల చిన్న ఇనుప గుండ్లను వాటిలో వదిలి, అడుగుకు చేరే కాలాన్ని గడియారంతో గుర్తించండి. కాలం ఎక్కువైతే చిక్కదనం ఎక్కువ. దీనితో ఒక పట్టిక రాయండి.

తరువాత నున్నని ఉక్కు పలక మీద ఒక్కొక్క ద్రవాన్ని గుడ్డతో పలుచగా తుడిచి, దానిపై ఇనుప తూకపు గుండును నిలపండి. పలకను ఒకవైపు మెల్లగా ఎత్తుతూ, గుండు ఏ కోణం వద్ద జారడం మొదలుపెడుతుందో కొలవండి. ఆ కోణపు టాంజెంటు విలువే నిలకడ ఘర్షణ గుణకం. ఒక ద్రవం నుండి మరొక ద్రవానికి మారేటప్పుడు పలకను, గుండు అడుగును సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఇప్పుడు రెండవ పట్టిక రాయండి. మొదటి పట్టికలోని వరుస, రెండవ పట్టికలోని వరుస ఒకటేనా? పోల్చి చూసినవారికి ఈ వ్యాసం చెప్పదలచినది చేతితోనే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. పీడనంతో ఉన్న హైడ్రాలిక్ గొట్టం ఎక్కడ కారుతున్నదో చేతితో తడిమి చూడరాదు. సూదిలా చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరం కావచ్చు. అట్లే ఒక రకం ద్రవం ఉన్న యంత్రంలో మరొక రకాన్ని కలపరాదు. నీటి గ్లైకాల్, ఖనిజ తైలం కలిస్తే అది ఈ పనికీ రాదు, ఆ పనికీ రాదు.

మాటకు తగిన మాట

నా అనువాదం సంగతి మిగిలి ఉన్నది. 'చిక్కదనం' అన్న చోట 'జారుడుగుణం' అని దిద్దాను. పెద్దాయన దానితో తృప్తిపడలేదు. "ఆ నూనె ఏ వేడిలో ఎంత చిక్కగా ఉండాలో కూడా పక్కన రాయండి. రెండూ ఉంటేనే పనివాడికి అక్కరకు వస్తుంది" అన్నారు. ఆయన చెప్పినట్లే రాశాను. మొదట నేను రాసిన వాక్యం వ్యాకరణానికి నిలిచేది. యంత్రానికి నిలిచేది కాదు. దిద్దిన వాక్యం రెంటికీ నిలుస్తుంది.

సంస్కృతంలో 'స్నేహం' అనే మాటకు ప్రేమ అని, నూనె అని రెండు అర్థాలు ఉన్నాయి. హిందీలో కందెనను 'స్నేహక్' అంటారు. తెలుగులో స్నేహమంటే చెలిమి. స్నిగ్ధత అంటే ద్రవపు చిక్కదనం. ఒకే మూలం నుండి వచ్చిన మాటలు రెండు భాషలలో రెండు దారులు పట్టాయి. భిలాయిలో ఒకే యంత్రం వద్ద నిలిచి పనిచేసే ఇద్దరు కార్మికులు ఈ రెండు దారులూ తెలుసుకొని ఉండటం మంచిది. ఒకరి మాటను మరొకరు సరిగా అర్థం చేసుకున్నప్పుడే డబ్బాలోని నూనె సరైన మోటారుకు చేరుతుంది.